గుంతకు దూరంగా ఉన్న పూస

ఆ పరిశోధనశాలలో అతన్ని ఎదురుగా ఉన్నప్పుడు ‘సార్’ అనీ, గది దాటి వెళ్ళగానే ‘గుంత సార్’ అనీ అనేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు కూడా. ఏళ్ళ తరబడి ఒకే మాట పట్టుకుని వేలాడినందుకు లోకం తనకిచ్చిన బిరుదుగా దాన్ని స్వీకరించాడు. ఇంకెవరూ ఏ బిరుదూ ఇవ్వకపోవడం కూడా అందుకు ఒక కారణం.

ఆ మాట ఇది. ఎంజైమ్ అనేది ఒక పొడవాటి పూసలదండ. ఆ దండ తనంతట తానే మెలికలు తిరిగి, ముడుచుకుని, ఒక ముద్దలా తయారవుతుంది. ఆ ముద్దలో ఒకచోట చిన్న గుంత ఉంటుంది. పనంతా ఆ గుంతలోనే. తెంచాల్సినదాన్ని తెంచడం, అతకాల్సినదాన్ని అతకడం, అన్నీ గుంత అంచున ఉన్న నాలుగైదు పూసలే చూసుకుంటాయి. మరి మిగతా వందల పూసలు ఎందుకండీ అని కొత్తగా చేరిన విద్యార్థులు అడిగితే, టీవీ కొంటే అట్టపెట్టె రాదూ, అదీ అంతే, ప్యాకింగ్ అని తేల్చేసేవాడు. ఉపన్యాసాల్లో చూపించే బొమ్మల్లో గుంత దగ్గరి పూసలకు ఎర్రరంగు వేయించేవాడు. మిగతాదంతా బూడిదరంగు. ఎవరైనా పొరపాటున దూరంగా ఉన్న పూసకు రంగు వేశారో, ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే.

గుంతకు ఎక్కడో దూరంగా ఉన్న పూస మారినా లోపలి పని తారుమారవుతుందని లోకంలో చాలామంది రాస్తూనే ఉన్నారు. అతను అవి చదవలేదా అంటే, చదివాడు. దూరపు బంధువుల పిల్లల ఫొటోలు చూసినంత శ్రద్ధగా చదివాడు.

ఇది ఉద్యోగం వరకే పరిమితమైన పిచ్చి అయితే ఎవరికీ నష్టం లేకపోయేది. చిక్కేమిటంటే, ఇళ్ళూ ఆఫీసులూ అన్నీ ఇలాగే నడుస్తాయని అతను నమ్మేవాడు. ప్రతిచోటా ఒక గుంత ఉంటుంది. పరిశోధనశాలలో ఆ గుంత తనే. అక్క కుటుంబంలోనూ తనే. అక్క తనకన్నా ఆరేళ్ళు పెద్దదైనా, ఫ్రిజ్ కొనాలన్నా, ఇల్లు మారాలన్నా తమ్ముణ్ణి అడిగేది. అతను అరగంట చెప్పేవాడు. ఆమె తల ఊపేది. తర్వాత ఏ ఫ్రిజ్ కొన్నదో అతను ఎప్పుడూ పట్టించుకోలేదు. చెప్పడంతోనే తన పని పూర్తయ్యేది. ఇక బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తూ, పిలిస్తే పలికే మనిషి. సిద్ధాంతం ప్రకారం ప్యాకింగ్.

ఆ ఇంట్లో ఒక పిల్ల ఉంది. పదేళ్ళది. సన్నగా, ఒకచోట నిలవకుండా తిరుగుతుంది కాబట్టి పుట్టినప్పటి పేరు మరుగునపడి ‘పిచ్చుక’ అయింది. స్కూలు పరుగుపందెంలో దాని ముందు ఎవరూ ఉండేవారు కాదు. అలాంటిది, ఆ ఏడాది పరుగు మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మెట్లెక్కుతూ సగంలో కూలబడేది. పిక్కలు లాగుతున్నాయని ఏడ్చేది. పిల్లల డాక్టరమ్మ రక్తం తీయించింది, జన్యుపరీక్ష చేయించింది. ఒంట్లోని కొవ్వును కండరాలకు శక్తిగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉందనీ, పిచ్చుకలో దానికి ఒక పూస మారిపోయి ఉందనీ రిపోర్టు వచ్చింది. ఆ మార్పు వల్ల హాని ఉందో లేదో ఇంకా తెలియదని కింద రాసి ఉంది. అయినా డాక్టరమ్మ ఆగకుండా, ఒక బి విటమిన్ మాత్రలు పెద్ద మోతాదులో రాసిచ్చింది. ఈ ఎంజైమ్‌కు ఆ విటమిన్ తోడుంటేనే పని నడుస్తుంది కాబట్టి, వేసి చూద్దాం అంది.

అక్క తమ్ముణ్ణి పిలిచింది. ఆదివారం మధ్యాహ్నం అతను ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. ముందుగదిలో బల్ల మీద రిపోర్టు పరిచి, కళ్ళజోడు సవరించుకుని, తెర మీద ఆ ఎంజైమ్ బొమ్మ తెరిచాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పిచ్చుక పూస ముద్దకు ఒక కొసన ఉంది, గుంత మరో కొసన ఉంది. రెంటి మధ్యా గీత గీసి దూరం కొలిచాడు. మొహం విప్పారింది.

“ఇది గుంతకి ఆమడ దూరంలో ఉందక్కా. దీనివల్ల ఏమీ కాదు,” అన్నాడు. “ఆ మాత్రలూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. పిల్ల బద్ధకిస్తోంది, అంతే. రోజూ నాలుగు చుట్లు పరిగెత్తిస్తే అదే సర్దుకుంటుంది.”

తన తీర్పు వంటింట్లో ఉన్న బావకూ, పక్కగదిలో హోంవర్కు చేసుకుంటున్న పిల్లకూ, వీలైతే కింది అంతస్తు వాళ్ళకూ వినపడాలన్నట్టు గట్టిగా చెప్పాడు. అక్క గంగిరెద్దులా తల ఊపింది. అతను కాఫీ తాగి, రెండోసారి కూడా అడిగి తాగి, ఒక కుటుంబాన్ని ఒడ్డున పడేశానన్న తృప్తితో ఇంటికి వెళ్ళాడు.

కథ అక్కడితో ముగిసేదే. కానీ రెండు మూడు వారాల తర్వాత అక్క ఫోన్ చేసి, మాటల్లో మాటగా, డాక్టరమ్మ ఏమందో చెప్పింది. దూరంగా ఉన్న పూసలు కూడా దెబ్బ కొట్టగలవనీ, బొమ్మలో దూరం కొలిచి చెప్పే విషయం కాదనీ అందట. గుంత సార్‌కు ఒళ్ళు మండింది. ఆవిడ పిల్లల నాడి చూసుకోక ఎంజైమ్‌ల జోలికి ఎందుకొచ్చినట్టు? సరే, చేసి చూపిద్దాం, నోరు మూయిద్దాం అనుకున్నాడు. అతను ఆ ప్రయోగానికి పూనుకున్నది మేనకోడలి మీద ప్రేమతో అని చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజానికి డాక్టరమ్మ మీద కోపంతో పూనుకున్నాడు.

పని పెద్దదేమీ కాదు. ఆ ఎంజైమ్ జన్యువును తెప్పించి రెండు రకాలుగా తయారు చేయాలి. ఒకటి అందరిలో ఉండేది, ఒకటి పిచ్చుకలో ఉన్నది. రెంటినీ బాక్టీరియాలో పెంచి, ప్రొటీన్‌ను శుభ్రంగా వేరుచేసి, ఏది ఎంత వేగంగా పనిచేస్తుందో కొలవాలి. చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థినికి అప్పగించాడు. ఇది ఎవరిదో చెప్పలేదు. రెండూ ఒకేలా వస్తాయి చూడు అని ఫలితం మాత్రం ముందే చెప్పాడు.

ఆ అమ్మాయి పని ముగించి రెండు గొట్టాలు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. ఈ ఎంజైమ్ పట్టుకునే విటమిన్‌కు సహజంగా పసుపురంగు ఉంటుంది, కాబట్టి ఎంజైమ్ కూడా పచ్చగా కనపడాలి. మొదటి గొట్టంలోది నిమ్మతొక్కలా పచ్చగా ఉంది. పిచ్చుకది మంచినీళ్ళలా ఉంది. విటమిన్ అందులో నిలవలేదు. వేగం కొలిస్తే, మామూలుదానిలో పదో వంతు కూడా లేదు.

గుంత సార్ ఆ అమ్మాయి గొట్టాలు సరిగ్గా కడగలేదన్నాడు. మళ్ళీ చేసింది. అదే వచ్చింది. ప్రొటీన్‌ను కలిపే ఉప్పునీళ్ళు పాతవన్నాడు. కొత్తవి కలిపి మళ్ళీ చేసింది. అదే వచ్చింది. ఇక తప్పు పట్టడానికి ఏమీ మిగలక, కరెంటు హెచ్చుతగ్గుల మీదికి పోయాడు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, సార్, పోనీ మీరే ఒకసారి చేసి చూడండి అంది.

చుక్కలు కొలిచి వేసే పిపెట్‌ను అతను పట్టుకుని ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. గోడకు తగిలించిన తెల్లకోటు వేసుకోబోతే బొత్తాలు కలవలేదు. చేతి తొడుగుల పెట్టెలోంచి చిన్న సైజు తీసి, వేళ్ళు సగం దాకా దూర్చి, చింపి, రెండోది కూడా చింపాడు. పిపెట్ కొన బిగించబోతే ఊడి సింకులో పడింది. ఈ వైభవమంతా విద్యార్థులు అద్దాల తలుపు అవతల నిలబడి చెవులు కొరుక్కుంటూ చూస్తున్నారని అతని వీపుకు తెలుస్తూనే ఉంది. ప్రొటీన్‌ను చల్లగా ఉంచాలని ప్రతి ఏడూ కొత్తవాళ్ళకు పాఠం చెప్పే మనిషి, మొదటి గొట్టాన్ని ఐసులో పెట్టడం మరిచి భోజనానికి వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి అది పెరుగులా విరిగిపోయింది. తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. తల ప్రాణం తోకకు వచ్చాక, వారం చివరికి, స్వయంగా తన చేత్తో, ఎవరినీ తిట్టే వీలులేకుండా, పచ్చటి గొట్టం ఒకటి, మంచినీళ్ళ గొట్టం ఒకటి తీశాడు.

అప్పుడు కూర్చుని బొమ్మను మళ్ళీ తెరిచాడు. బూడిదరంగు తీసేయించి, ఎంజైమ్ కదులుతున్నట్టుగా కంప్యూటర్ మీద నడిపించాడు. ఇన్నేళ్ళూ అతను చూసింది కదలని బొమ్మను. నిజం ఎంజైమ్ ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పిచ్చుక పూస మారినచోట చిన్న సందు ఏర్పడి, దాని పక్క పూస ఒరిగి, దాని పక్కది జరిగి, అలా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఈ కొస కుదుపు ఆ కొసకు చేరి, గుంత మీది మూత సరిగ్గా పడటంలేదు. గోడ కుంగితే తలుపు పట్టనట్టు. తాళంలో ఏ లోపమూ లేదు. ఇన్నేళ్ళూ తాళం ఒక్కటే చూస్తూ కూర్చున్న మహానుభావుడికి గోడ అనేది ఒకటుందని ఇప్పుడు తెలిసింది.

విద్యార్థిని ఒక మాట అడిగింది. పట్టు వదులైతే విటమిన్ ఎక్కువ పోసి చూద్దామా సార్, జారిపోయేకొద్దీ కొత్తది దొరుకుతూ ఉంటుంది కదా అంది. పోశారు. మంచినీళ్ళ గొట్టం పచ్చబడింది. వేగం లేచి నిలబడింది. మామూలుదానికి సమానం కాకపోయినా, ఒక పిల్ల మెట్లెక్కి పరిగెత్తడానికి సరిపోయేంత.

ఆ అమ్మాయి సంతోషంతో చప్పట్లు కొట్టబోయి అతని మొహం చూసి ఆగిపోయింది. డాక్టరమ్మ రాసిన మాత్రలు సరైనవే. వాటిని అక్కర్లేదన్నది తను. కాఫీ రెండుసార్లు తాగి మరీ అన్నాడు. ఆ ఆదివారం నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల కండరాలు ఆకలితో అలమటిస్తూ ఉండాలి, తన మాట మీద. అతనికి భయం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు భయమే. అరగంటలో ఉన్న సమావేశానికి కబురు కూడా పెట్టకుండా, బొత్తాలు కలవని కోటుతోనే రోడ్డెక్కాడు.

అక్క తలుపు తీసేసరికి అతను మెట్ల మీద నిలబడి రొప్పుతున్నాడు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది, అతనికే తట్టలేదు. బావ ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. నీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. అతను నీళ్ళు తాగకుండా, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తను పప్పులో కాలేశాననీ, పిల్లకు నిజంగానే జబ్బు ఉందనీ, ఆ మాత్రలు ఇవాళే మొదలుపెట్టమనీ, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాననీ అన్నాడు.

అక్కా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కొంగు వేలికి చుట్టుకుంది.

“మేం ఆపితే కదరా మొదలుపెట్టడానికి. డాక్టరమ్మ రాసిన రోజు నుంచీ ఇస్తూనే ఉన్నాం,” అంది.

“మరి ఆ రోజు తల ఊపావు?”

“ఎప్పుడు ఊపలేదు చెప్పు? నువ్వు అంత దూరం నుంచి వచ్చి, అంతసేపు కష్టపడి చెప్తావు. కాదంటే చిన్నబుచ్చుకుంటావు. ఫ్రిజ్జప్పుడూ అంతే కదా.”

గుంత సార్ ఆ గది మూలనున్న ఫ్రిజ్ వైపు మొదటిసారి పరీక్షగా చూశాడు. తను ససేమిరా వద్దన్న రకం అది. ఇన్నేళ్ళూ ఈ ఇంటిని నడిపిస్తున్నానని మీసం మెలేసిన మనిషి మాటను ఈ ఇల్లు ఒక్కనాడూ లెక్కలోకి తీసుకోలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ పిల్లకు మాత్రలు అందుతున్నాయి కదా. అంతకన్నా కావలసిందేముంది? తను ఎందుకూ పనికిరానివాణ్ణని తేలినందుకు ఒక మనిషి ఇంతగా సంతోషించగలడని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఆ సంతోషం గ్లాసు నీళ్ళు తాగేదాకా నిలిచింది. తాగి గ్లాసు కింద పెట్టేసరికి అక్క కళ్ళు తుడుచుకుంటోంది. మాత్రలు వేస్తున్నా గుణం కనపడటంలేదంది. పిల్ల ఇంకా నీరసపడుతోందట. ఈ విటమిన్ పనిచేయనట్టే ఉంది కాబట్టి ఎల్లుండి ఆస్పత్రిలో చేర్చమంది డాక్టరమ్మ. మత్తిచ్చి, తొడలోంచి కండ ముక్క కోసి పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత ముక్కులో గొట్టం వేసి ఆహారం ఎక్కించాల్సి రావచ్చు. బావ ఆ రోజు సెలవు పెట్టింది ఆస్పత్రి ఏర్పాట్లకు.

అతను తల పట్టుకున్నాడు. గొట్టంలో పనిచేసిన విటమిన్ పిల్లలో ఎందుకు పనిచేయదు? కడుపులో ఇమడలేదా? మందు నకిలీదా? పాతకాలపు గుంత సార్ అయితే ఈపాటికి ఒక తీర్పు చెప్పేసేవాడు. ఇప్పుడు నోరు తెరవడానికే జంకుతున్నాడు. అలా జంకుతూ ఉండగా, పచ్చటి గొట్టం కళ్ళ ముందు మెదిలింది. ఇంత మోతాదులో ఆ విటమిన్ వేసుకుంటే ఒంట్లో మిగిలింది మూత్రంలోనే పోవాలి. పోతే ఆ పసుపురంగు దాగదు.

అడగడానికి మొహమాటపడ్డాడు. చివరికి ఫ్రిజ్ వైపు చూస్తూ అడిగాడు. “అక్కా, పిల్ల ఒంటేలు బాగా పచ్చగా వస్తోందా?”

“అదేం ప్రశ్నరా,” అని అక్క కసురుకుంది. కానీ బావ ఆలోచనలో పడ్డాడు. నిన్న పొద్దున పరీక్షకు సీసా పట్టుకెళ్ళింది తనేననీ, అది తేటగా, నీళ్ళలా ఉందనీ చెప్పాడు.

“అయితే పిల్ల మాత్ర వేసుకోవట్లేదు,” అన్నాడు అతను. ఈసారి గట్టిగా అనలేదు.

అక్క ఒప్పుకోలేదు. ఎదురుగా నిలబడి వేస్తున్నానంది, నీళ్ళు కూడా తనే పడుతున్నానంది. ఆ మాటల మధ్యలోనే పిచ్చుక స్కూలు నుంచి వచ్చింది. సంచి గుమ్మంలోనే వదిలేసి, గోడ పట్టుకుని నడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళి మంచం మీద పడింది. అక్క లేవబోతే అతను ఆపాడు. నేను అడుగుతాను, నాలుగు తిట్లు తినాల్సింది ఏదైనా ఉంటే నాకే పడనీ అన్నాడు. అది వినయం అనుకున్నాడు. ఎంత నిజమో అప్పటికి అతనికి తెలియదు.

మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాత్రలు నాలుక కింద పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తున్నావా అని అడిగాడు. పిల్ల అబద్ధం చెప్పలేదు. అవునంది. ఎందుకని అడిగితే, అతని వైపు వింతగా చూసింది.

“నువ్వేగా అక్కర్లేదన్నావు. బద్ధకం అన్నావు.”

ఆ ఆదివారం మాట ఎవరి చెవిన వేయాలనుకున్నాడో ఆ చెవి దాన్ని ఏనాడో వదిలేసింది. పక్కగదిలో, తను చూడనైనా చూడని చోట, అది వెళ్ళి దిగబడింది.

“మాత్ర వేసుకుంటే జబ్బు అని కదా,” అంది పిల్ల. “నాకు జబ్బు లేదన్నావుగా. అందుకే ఉమ్మేసి, నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. బెల్లు కొట్టాక గ్రౌండులో పరిగెత్తుతున్నా.”

“ఎంతసేపు?”

“పడిపోయేదాకా. ఇవాళ రెండుసార్లు పడ్డా.” మోకాలు కప్పుతున్న గౌను కొద్దిగా జరిపి చూపించింది. “అయినా బద్ధకం పోవట్లేదు మామయ్యా.”

గుంత సార్ ఏడ్చాడు. గొప్ప శాస్త్రవేత్తలు ఏడుస్తారో లేదో అతనికి తెలియదు, ఎలాగూ తను ఆ కోవలోకి రాడు కాబట్టి ఆ సందేహం అడ్డురాలేదు. కోటు చేత్తో ముక్కు తుడుచుకుని, తప్పు చెప్పానమ్మా అన్నాడు. నీకు బద్ధకం లేదు, నీ ఒంట్లో ఒక ఎంజైమ్‌కు విటమిన్ సరిగ్గా అందటంలేదు, అందితే పనిచేస్తుంది అన్నాడు.

పిల్ల నమ్మలేదు. “ఇప్పుడు చెప్పేది తప్పు కాదని ఎలా తెలుసు?”

న్యాయమైన ప్రశ్న. అతని విద్యార్థులెవరూ ఇన్నేళ్ళలో అడగడానికి సాహసించని ప్రశ్న. “అప్పుడు బొమ్మ చూసి చెప్పేశాను. ఇప్పుడు నీ ఎంజైమ్‌ని తయారుచేసి, విటమిన్ పోసి, నా చేత్తో కొలిచాను,” అన్నాడు. “అయినా నా మాట నమ్మొద్దు. మాత్ర వేసుకో. రేపటికి నీ ఒంటేలు పచ్చగా వస్తే లోపలికి వెళ్ళినట్టు. ఆ తర్వాత నీ కాళ్ళే చెప్తాయి.”

పిల్ల ఆలోచించింది. ఒంటేలు మాటకు కాస్త నవ్వు కూడా వచ్చింది గానీ ఆపుకుంది.

“అయితే నేను బద్ధకస్తురాల్ని కాదా?”

“కాదు.”

“ఈ మాట అమ్మ ముందు చెప్పు. నాన్న ముందు కూడా.”

అతను తేలు కుట్టిన దొంగలా గుమ్మం వైపు చూశాడు. అక్కా బావా అక్కడే నిలబడి ఉన్నారు. అతను లేచి నిలబడి, పిల్ల బద్ధకస్తురాలు కాదనీ, తనే తెలియక వాగాననీ, దానివల్ల పిల్ల రోజూ పడిపోయేదాకా పరిగెత్తిందనీ, ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ పిల్ల అతని మొహమే చూసింది. ఎంతో బరువు దించుకున్నట్టు దాని భుజాలు కిందికి జారాయి.

బావ డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ, కోత వాయిదా వేద్దాం, మాత్రలు నిజంగా పడనివ్వండి, చూద్దాం అంది. తనను గురించి ఆవిడ ఇంకా ఏమైనా అందా అని గుంత సార్ అడిగాడు. అంది గానీ చెప్పడం బాగోదని బావ అన్నాడు.

అక్క మాత్రా నీళ్ళూ తెచ్చింది. పిచ్చుక మంచం మీద లేచి కూర్చుని, గ్లాసును అమ్మ చేతిలోంచి తనే తీసుకుంది. మాత్ర నోట్లో వేసుకుని, గటగటా తాగి, గ్లాసు ఖాళీ చేసింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, మామయ్య వైపు తిరిగి నోరు బాగా తెరిచి, నాలుక పైకెత్తింది. అతను కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. నాలుక కింద ఏమీ లేదు.